ఎండే చెరువుకు రెండు జవాబులు: ఈలబాతు, వోల్ఫియా

వర్షాధారపు చెరువు ఏడాది పొడవునా చెరువుగా ఉండదు. శ్రావణ భాద్రపదాల్లో నిండి, వానలు బాగా పడిన ఏడు అలుగు పారి, సంక్రాంతి తరువాత తూముల గుండా పొలాలకు తరిగిపోతూ, వైశాఖం నాటికి గొర్రెలు మేసే బీడుగానో నెర్రెలు విచ్చిన నేలగానో మారిపోతుంది. తెలంగాణ, రాయలసీమ చెరువుల్లో అధిక భాగానిది ఇదే వరస. నీటినే నమ్ముకున్న జీవి ఏదైనా ఈ ఎండుదలకు ముందుగానే ఒక ఏర్పాటు చేసుకుని ఉండాలి, లేకపోతే రెండో ఏటికి ఆ చెరువులో దాని ఆనవాలు మిగలదు. అలాంటి ఏర్పాట్లలో ఒక కొసన ఉన్నది చిన్న ఈలబాతు, రెండో కొసన ఉన్నది వోల్ఫియా అనే అతి చిన్న పూమొక్క. పక్షిని మొక్కతో పోల్చడం మొదట వింతగానే తోస్తుంది. అయితే రెండూ ఒకే నీటి మీద తేలుతూ, ఒకే కష్టాన్ని ఎదుర్కొంటూ, దానికి దాదాపు వ్యతిరేకమైన జవాబులు కనుక్కున్నాయి కాబట్టి ఈ పోలికకు అర్థముంది. పైగా ఆ రెండు జవాబులు ఒకచోట కలుసుకుంటాయి. ఆ చోటు బాతు పేగు.

ముందు పక్షి సంగతి. శాస్త్రీయంగా డెండ్రోసిగ్నా జవానికా అనే ఈ బాతు 40 సెంటీమీటర్ల పొడవు, అర కిలో అటూ ఇటూగా బరువు ఉంటుంది. ఒళ్ళంతా ఇటుక రంగు కలిసిన గోధుమ వర్ణం, తోక మొదట్లో పైవైపు ముదురు ఎరుపు, శరీరానికి కొంచెం ఎక్కువే అనిపించే పొడుగు కాళ్ళు, సన్నటి మెడ. ఆడ, మగ తేడా చూపుకు తెలియదు. పేరులోని ఈల దాని కూత వల్ల వచ్చింది. ఎగురుతున్నప్పుడు రెండు విరుపులుగా సాగే ఆ సన్నటి ఈల చీకట్లో కూడా గుంపు ఎటు పోతున్నదో చెప్పేస్తుంది. పగలంతా చెరువు మధ్యన గుర్రపుడెక్క చాటునో తుంగ చాటునో మందకొడిగా గడిపి, మునిమాపు వేళ గుంపుగా లేచి వరిపొలాలకు, కుంటలకు మేతకు పోవడం దీని అలవాటు. గింజలు, చిగుళ్ళు, నీటిమొక్కలు ప్రధానమైన తిండి, నత్తలు, పురుగులు అప్పుడప్పుడు. కొల్లేరులోనూ, డెల్టా చేపల చెరువుల చుట్టుపక్కలా, మెట్టప్రాంతపు చెరువుల్లోనూ ఇది కనిపిస్తుంది. చలికాలపు వలస పక్షుల జాబితాలో దీన్ని కలిపేయడం పొరపాటు. ఇది ఇక్కడి పక్షే. నీరు ఎటు ఉంటే అటు జరుగుతుంది, అంతే.

మొక్క సంగతి చెప్పడానికి ముందు దాన్ని చూడటమే కొంత కష్టమని ఒప్పుకోవాలి. వోల్ఫియా గ్లోబోసా పొడవు ఒక మిల్లీమీటరు కూడా నిండదు. గాలికి కొట్టుకొచ్చి గట్టు మూలన చేరినప్పుడు నీటి మీద పచ్చటి పొడి చల్లినట్టు కనబడుతుంది. చూసినవాళ్ళు పాచి అనో నాచు అనో అనేసి ఊరుకుంటారు. అది నాచు కాదని తేల్చుకోవడానికి సూక్ష్మదర్శిని అక్కరలేదు. వేలు ముంచి తీసి, బొటనవేలితో మెల్లగా రుద్దితే నానిన ఉప్మా రవ్వలా పలుకు పలుకుగా తగులుతుంది. నాచైతే జిగటగా సాగుతుంది. పక్కనే తేలే లెమ్నా అనే దాని బంధువుకు చదునైన ఆకులాంటి దేహం, కింద వెంట్రుకలాంటి ఒక వేరు ఉంటాయి. వోల్ఫియాకు ఆ ఒక్క వేరు కూడా లేదు. పశువుల మేతకు తొట్లలో పెంచే అజొల్లాతో దీన్ని కలపకూడదు. అజొల్లా ఫెర్న్ జాతిది, అది పూయదు. రవ్వంత ఉన్నా వోల్ఫియా మాత్రం పూస్తుంది, కాస్తుంది, విత్తనం కడుతుంది. వరి, తాటి, అరటి ఉన్న ఏకదళబీజాల వర్గంలోనే దీనికీ చోటు. ప్రపంచంలోని పూమొక్కల్లో అతి చిన్నవి ఈ ప్రజాతిలోనే ఉన్నాయి.

పేర్ల వెనక చిన్న కథ ఉంది. బాతుకు శాస్త్రీయ నామం పెట్టింది థామస్ హార్స్‌ఫీల్డ్ అనే అమెరికన్ వైద్యుడు, 1821లో. ఆయన పనిచేసింది జావాలో కాబట్టి భారత ఉపఖండమంతటా తిరిగే పక్షి జావా పేరు మోస్తున్నది. మొక్కను లెమ్నా గ్లోబోసా అనే పేరుతో మొదట వర్ణించినవాడు విలియం రాక్స్‌బర్గ్. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధికారిగా వెళ్ళకముందు దాదాపు పన్నెండేళ్ళు సామర్లకోటలో తోట పెంచి, కోరమండల్ తీరపు మొక్కల్ని బొమ్మలు గీయించి లోకానికి చూపించింది ఈయనే. వోల్ఫియా వర్ణన మాత్రం ఆయన మరణించాక, 1832లో అచ్చయింది. అంత చిన్నదాన్ని ఆ కాలపు భూతద్దాలతో పట్టుకున్నాడంటే ఆయన చూపు ఎంత ఓపికైనదో ఊహించవచ్చు.

ఇక తూకం. తెలుగులో చాలా చిన్నదాన్ని ఆవగింజలో అరవయ్యో వంతు అంటారు. ఈ ప్రజాతిలోని అతి చిన్న మొక్క ఒకదాని బరువు దాదాపు 150 మైక్రోగ్రాములు. రెండు మిల్లీగ్రాముల ఆవగింజతో చూస్తే పదమూడో వంతు. అంటే నానుడి చెప్పినంత చిన్నది కాకపోయినా, నానుడి ఉన్న ఊరి పొలిమేరల్లోనే ఉంది. అదే లెక్కన అర కిలో బాతుకు సరితూగాలంటే సుమారు 33 లక్షల మొక్కలు కావాలి. ఇంత తేడా ఉన్నప్పుడు ఒక బాతును ఒక మొక్క పక్కన నిలబెట్టడం న్యాయమా అన్న ప్రశ్న రాక మానదు. నిజానికి న్యాయం కాదు. బాతు విషయంలో ఒక ప్రాణి అంటే ఏమిటో తగవు లేదు. వోల్ఫియా విషయంలో తగవు ఉంది. దాని దేహంలో ఒక కొసన గరాటులాంటి చిన్న గుంట ఉంటుంది. అందులోంచి పిల్ల మొక్క మొలిచి, పెరిగి, విడిపోతుంది. విడిపోయేలోగానే ఆ పిల్ల లోపల దాని పిల్ల తయారవుతూ ఉంటుంది. తల్లి కడుపులో కూతురు, కూతురు కడుపులో మనవరాలు అన్నమాట. అన్నింటిదీ ఒకటే జన్యుసంపద. కొన్ని పిల్లల్ని విడిచాక తల్లి వాడిపోతుంది, వంశం మాత్రం ఆగదు. అందువల్ల చెరువు మూలన పరుచుకున్న పచ్చటి చాప లక్షల మొక్కలా, లక్షల ముక్కలుగా తేలుతున్న ఒకే మొక్కా అన్నది చూసే కోణాన్ని బట్టి మారుతుంది. పోలిక పెట్టాలంటే ఒక బాతును ఒక రవ్వ పలుకుతో కాక, ఆ చాపతో పెట్టడమే సబబు.

శరీర నిర్మాణంలో రెండూ ఎదురెదురు దారులు తొక్కాయి. బాతు శరీరం నీటి మీద బతకడానికి పరికరాలు కూడబెట్టుకుంది. తోక మొదట్లో నూనె గ్రంథి, ఆ నూనెను ముక్కుతో ఈకలకు పట్టించే ఓపిక, ఈకల మధ్య గాలిని బిగబట్టే అమరిక, తెడ్ల వంటి పాదాలు, బోలు ఎముకలు, అన్నిటికీ మించి చెరువు నీరు ఎంత చల్లబడినా ఒంటిని 40 డిగ్రీల పైనే నిలిపే కొలిమి. ఆ కొలిమికి రోజూ మేత వేయాలి, ఒక్క రోజు కూడా సెలవు లేదు. వోల్ఫియా కూడబెట్టలేదు, వదిలించుకుంది. వేరు లేదు, కాండం ఆకు అన్న విభజన లేదు, నీటిని మోసుకుపోయే దారునాళాలు లేవు. అంత చిన్న దేహంలో ప్రతి కణమూ నీటికి చేరువలోనే ఉన్నప్పుడు గొట్టాలు వేసి నీరు తోడవలసిన పని ఏముంది? పైభాగంలో కొద్దిపాటి పత్రరంధ్రాలు, లోపల పత్రహరితం నిండిన కణాలు, పక్కన పిల్లల గుంట, పూసే కాలంలో వీపు మీద మరో చిన్న గొయ్యి. ఆ గొయ్యిలో ఒక అండకోశం, ఒక కేసరం. పూరేకులు లేవు, రక్షక పత్రాలు లేవు. కీలాగ్రం ముందుగా తలెత్తి ఒక తడి బొట్టును నిలుపుకుంటుంది, ఆ తరువాతే పక్కనున్న కేసరం లేస్తుంది. తన పుప్పొడి తన మీదే పడకుండా ఇది ఒక జాగ్రత్త.

వదిలించుకోవడం జన్యువుల దాకా వెళ్ళింది. ఈ ప్రజాతికే చెందిన వోల్ఫియా ఆస్ట్రేలియానా జన్యుపటాన్ని 2021లో ప్రచురించినప్పుడు తేలిన జన్యువుల సంఖ్య సుమారు 15 వేలు. ప్రయోగశాలల్లో అందరూ వాడే అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కకు అవి 27 వేల దాకా ఉన్నాయి. అంతకన్నా ఆసక్తికరమైన విషయం గడియారానిది. మొక్కల్లో చాలా జన్యువులు పగలు రేయి వేళల్ని బట్టి హెచ్చుతగ్గులుగా పనిచేస్తాయి. వోల్ఫియాలో అలా వేళ పాటించేవి దాదాపు 13 శాతమే. అంటే ఎప్పుడు ఎదగాలి, ఎప్పుడు ఆగాలి అన్న కట్టుబాట్లు చాలావరకు సడలిపోయాయి, వెలుతురు, పోషకాలు ఉన్నంతసేపూ ఎదగడమే. వేళ తప్పకుండా మునిమాపున లేచి ఈలవేస్తూ పొలానికి పోయే బాతు పక్కన పెట్టి చూస్తే ఈ తేడా మరింత కొట్టొచ్చినట్టు ఉంటుంది.

సంతానం లెక్కలో తేడా ఇంకా పెద్దది. ఈలబాతుల జంట వానాకాలంలో చెట్టు తొర్రలోనో, గద్దలు, కొంగలు వదిలేసిన పాత గూటిలోనో, గట్టు పక్కన గడ్డి దుబ్బుల్లోనో గుడ్లు పెడుతుంది. సాధారణంగా 7 నుంచి 12. తల్లీ తండ్రీ వంతులవారీగా 22 నుంచి 24 రోజులు పొదుగుతాయి. మిగతా బాతుల్లో చాలావాటికి తండ్రి పొదిగే అలవాటు లేదు, ఈలబాతుల వర్గానికి ఇది ప్రత్యేకత. ఇంతలో వోల్ఫియా ఏం చేస్తుంది? భారతదేశంలో పెరిగే వోల్ఫియా మైక్రోస్కోపికా అనే జాతి అనుకూల పరిస్థితుల్లో దాదాపు 30 గంటలకు ఒకసారి రెట్టింపవుతుందని 2015లో ప్రచురితమైన కొలతలు చెబుతున్నాయి. పూమొక్కల్లో ఇంత వేగం మరి దేనికీ నమోదు కాలేదు. ఒక్క మొక్కతో మొదలై, 24 రోజుల పొదుగు ముగిసే సరికి 19 రెట్టింపులు పూర్తవుతాయి. అంటే 5,24,288 మొక్కలు. వినడానికి భయపెట్టే సంఖ్యే. కానీ ఒక్కోటి 150 మైక్రోగ్రాములు వేసుకున్నా అదంతా కలిపి 80 గ్రాములు దాటదు, అంటే ఒక బాతు బరువులో ఆరో వంతుకు లోపే. వేగం అనేది వోల్ఫియాకు గొప్ప కోసం కాదు, అంత చిన్నదిగా ఉండి కూడా చెరువులో లెక్కలోకి రావడానికి అది కట్టే మూల్యం. పైగా ఆ లెక్క ప్రయోగశాల గిన్నెలోనిది. చెరువులో చేపలు, నత్తలు, బాతులు దాన్ని రోజూ మేస్తూనే ఉంటాయి.

ఎండాకాలం వచ్చినప్పుడు ఈ రెండు జవాబులూ బయటపడతాయి. చెరువు మడుగుగా కుంచించుకుపోయేసరికి ఈలబాతులు అక్కడ ఉండవు. కొల్లేరు వంటి పెద్ద సరస్సుకో, కాలువ నీరు ఆగని డెల్టా పొలాలకో, పట్నం మురుగు చేరడం వల్ల ఎండిపోని చెరువుకో వెళ్ళిపోతాయి. వాటి జవాబు దూరంలో ఉంది. వోల్ఫియాకు దూరం పోయే దారి లేదు. నీటిలోంచి బయటపడిన పలుకు త్వరలోనే ఎండిపోతుంది, ఎందుకంటే దేహం ఎంత చిన్నదైతే దాని బరువుతో పోలిస్తే ఉపరితలం అంత ఎక్కువ, ఆరిపోవడం అంత తొందర. కాబట్టి దాని జవాబు కాలంలో ఉంది. చలి దేశాల్లో ఈ ప్రజాతి మొక్కలు పిండిపదార్థం నింపుకున్న బరువైన మొగ్గల్ని తయారుచేసి నీటి అడుగుకు పంపి, వసంతంలో మళ్ళీ తేలతాయి. ఎండ దేశాల్లో విత్తనం ఆ పని చేయగలదు. అయితే పూయడం ఈ మొక్కలకు రోజూ జరిగే పని కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సతీశ్ చంద్ర మహేశ్వరి వంటి వృక్షశాస్త్రజ్ఞులు 1960ల్లో మైక్రోస్కోపికాను ప్రయోగశాలలో కోరినప్పుడు పూయించే పద్ధతుల మీద ప్రత్యేకంగా పనిచేయవలసి వచ్చిందంటే, పూత ఎంత షరతులతో కూడుకున్నదో తెలుస్తుంది. విత్తనం ఒక్కటే దిక్కయితే ప్రతి కుంటకూ, ప్రతి గుంటకూ వోల్ఫియా ఎలా చేరుతున్నదన్న ప్రశ్న మిగిలిపోతుంది.

నీటిపక్షుల మీద అనుమానం పాతదే. చెరువులోంచి లేచిన బాతు వీపుకు లెమ్నా జాతి మొక్కలు అంటుకుని ఉండటం తాను రెండుసార్లు చూశానని చార్లెస్ డార్విన్ 1859లోనే రాశాడు. ఈకల మధ్య ఇరుక్కున్న మొక్క కొంత దూరం పచ్చిగానే పోగలదు, కాదనలేం. కానీ ఎగిరే బాతు ఒంటిమీద వీచే గాలికి వోల్ఫియా అంతటి పలుకు ఎంతసేపు ఆరకుండా ఉంటుంది? ఆ లెక్కన బాతు లోపల ప్రయాణమే నయమనిపిస్తుంది, అక్కడ తడికి లోటు లేదు. అయితే లోపల కందనకాయ ఉంది. కోడిమాంసం దుకాణంలో కందనకాయను కోసి లోపలి ఇసుక కడగడం చూసినవారికి దాని సత్తా తెలుసు. గట్టి గింజల్ని సైతం నూరిపారేసే ఆ తిరగలిలోంచి మెత్తటి పచ్చి మొక్క ప్రాణంతో బయటపడుతుందని ఎవరూ గట్టిగా అనుకోలేదు.

2018లో బ్రెజిల్ చిత్తడి నేలల నుంచి వచ్చిన ఒక అధ్యయనం ఆ నమ్మకాన్ని తిరగరాసింది. అక్కడి తెల్లమొగం ఈలబాతువి 49 తాజా రెట్టలు, కొస్కొరోబా అనే హంసవి 22 రెట్టలు సేకరించి వడకట్టగా, బాతు రెట్టల్లో 16 శాతంలోనూ, హంస రెట్టల్లో 32 శాతంలోనూ వోల్ఫియా కొలంబియానా మొక్కలు చెక్కుచెదరకుండా దొరికాయి. మొత్తం 164. హంస రెట్టల్లోంచి తీసిన మొక్కల్ని నీటిలో వేస్తే అవి ఎదిగి పిల్లలు కూడా పెట్టాయి. విత్తనం కాదు, మొగ్గ కాదు, పూమొక్క మొత్తానికి మొత్తం ఒక పక్షి కడుపులోంచి ప్రాణంతో బయటికి వచ్చిన సంగతి నిరూపితం కావడం అదే మొదలు. తిరగలి రాళ్ళ సందున జారిపోయే నూకలా, నూరుడుకు దొరకనంత చిన్నగా ఉండటమే దానికి రక్ష అయి ఉండాలి. అతి చిన్నగా మారడం వల్ల వోల్ఫియా ఏమేం కోల్పోయిందో పైన చెప్పుకున్నాం. ఇక్కడ అదే చిన్నతనం దానికి రెక్కలు ఇచ్చింది. తెల్లమొగం ఈలబాతు మన ఈలబాతుకు స్వయానా ప్రజాతి బంధువు, తిండీ మునిమాపు వేళ ఎగురుడూ ఇద్దరివీ ఒకటే. కాబట్టి మన చెరువుల్లోనూ ఇదే జరుగుతుందని అనుకోవడం మరీ సాహసం కాదు, అయినా అది అన్వయమేనని గుర్తుంచుకోవాలి. అమెరికా ఖండాలకు చెందిన కొలంబియానా ఇప్పుడు ఐరోపా జలాశయాల్లో పరాయి మొక్కగా పాకుతున్నదన్న వార్తకు కూడా ఈ రెట్టల లెక్కతో సంబంధం ఉండవచ్చునని ఆ పరిశోధకులే సూచించారు.

ఈ లావాదేవీలో బాతుకు దక్కేది తక్కువేమీ కాదు. ఎండబెట్టిన వోల్ఫియాలో ఐదో వంతుకు తగ్గకుండా మాంసకృత్తులు ఉంటాయి. థాయిలాండ్‌లో గ్లోబోసాను ఖై నామ్, అంటే నీటి గుడ్లు అని పిలుస్తూ కూరగా తినడం తరాల నుంచి ఉంది. చవకైన మాంసకృత్తుల వనరుగా దీన్ని 1971లోనే శాస్త్ర పత్రికల్లో చర్చించారు. మన దగ్గర చేపల చెరువుల రైతులకు గడ్డిచేప ఇలాంటి తేలే మొక్కల్ని ఇష్టంగా మేస్తుందని తెలుసు గానీ, మనుషుల పళ్ళెం దాకా అది రాలేదు. మురుగు కలిసే నీటిలో పెరిగినదాన్ని తినకపోవడమే మంచిది. మొక్క నీటిలోని నత్రజనిని ఎంత బాగా పీల్చుకుంటుందో, లోహాల్నీ అంత బాగానే పీల్చుకుంటుంది. ఇక బాతులు పగలంతా చెరువులో వదిలే రెట్టలు నత్రజని, భాస్వరం రూపంలో ఆ పచ్చటి చాపకు ఎరువవుతాయి. చాప మరీ మందమైతే కింది నీటికి వెలుతురు, ఆక్సిజన్ తగ్గి చేపలకు ఇబ్బంది. ఆ మందాన్ని పలుచన చేసేవాటిలో మళ్ళీ బాతు ఒకటి.

బాతు స్వేచ్ఛకూ ఒక గడువు ఉంది. దాదాపు అన్ని బాతుల మాదిరిగానే ఈలబాతులు కూడా రెక్కల్లోని పెద్ద ఈకల్ని ఒక్కసారిగా రాల్చుకుంటాయి. కొత్తవి వచ్చేదాకా కొన్ని వారాల పాటు అవి ఎగరలేవు, తుంగ దట్టంగా ఉన్న నీటిని అంటిపెట్టుకుని నక్కి బతుకుతాయి. ఆ వారాల్లో ఈలలు ఆకాశంలో వినపడవు, పొలాల మీదికి గుంపులు పోవు. ఆ బాతులు వదిలే రెట్టలన్నీ అదే చెరువులో పడతాయి కాబట్టి, వాటి కడుపులోని వోల్ఫియా కూడా బయలుదేరిన గట్టు మూలకే తిరిగి చేరుతుంది.